నెల్లూరు సీమ గాయకులు, గీత రచయితలు

పెన్నా నది బంగాళాఖాతంలో కలిసే నెల్లూరు తీరప్రాంతంలో పుట్టిగానీ పెరిగిగానీ, 20వ శతాబ్దపు తెలుగు పాటకు గొంతునో మాటనో ఇచ్చిన కళాకారులను స్థూలంగా నెల్లూరు సీమ గాయకులు, గీత రచయితలు అని వ్యవహరించవచ్చు. వీరిలో అందరికంటె ప్రసిద్ధులు నాటకకర్త, సినీ గీత రచయిత ఆచార్య ఆత్రేయ (1921–1989), నేపథ్య గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) కాగా, కవి, చిత్ర నిర్మాత పఠాభి, గీత రచయితలు మల్లెమాల, వెన్నెలకంటి, గాయని ఎస్.పి. శైలజ కూడా ఈ కోవకే చెందుతారు. ఆత్రేయ పుట్టిన సూళ్లూరుపేట ప్రాంతం 2022 జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది కాబట్టి, ఈ వ్యాసంలో పాత నెల్లూరు జిల్లా హద్దులనే ప్రమాణంగా తీసుకోవడమైంది.

వీరందరికీ ఒకే గురువు లేడు, ఒకే బాణీ లేదు. అందువల్ల హిందుస్తానీ సంగీతంలో ఘరానా అన్న అర్థంలో దీన్ని ఒక సంప్రదాయంగా చెప్పడం కుదరదు. అయితే కథను పాటగా, పాటను కథగా చెప్పే హరికథ, నాటకం వంటి రంగస్థల కళల మధ్య పెరిగి, రైలులో కొద్ది గంటల దూరంలో ఉన్న మద్రాసు మహానగరానికి చేరి, అక్కడి స్టూడియోలలో మైకు ముందు ఆ కళను కొత్త రూపంలో నిలబెట్టడం వీరిలో ముఖ్యులందరి జీవితాల్లోనూ కనిపిస్తుంది. నెల్లూరు సీమ తెలుగు పాటకు ఇచ్చినదేమిటని అడిగితే, రాగజ్ఞానం కంటె ముందు మాటను నటిస్తూ పాడే నేర్పును చెప్పవలసి ఉంటుంది.

ఇలా పల్లె పాట మహానగరానికి చేరి రికార్డుగా మారిన తీరు మీద విస్తృతంగా పరిశోధన జరిగింది అమెరికా పారిశ్రామిక నగరాల విషయంలో. పత్తిచేలల్లో, రైల్వే పనుల్లో చాకిరీ చేసిన నల్లజాతివారి పని పాటల నుంచి, ఏకాంత గానం నుంచి పుట్టి, బాధను దాచుకోకుండా చెప్పుకునే పాటను బ్లూస్ అంటారు. ఆ జాతివారి చర్చిలలో భక్తి ఆవేశంతో పాడే గాస్పెల్ గానం లౌకికమైన ప్రేమ పాటలోకి దిగి, 1950ల చివరి నుంచి రూపుకట్టిన సంగీతాన్ని సోల్ అంటారు. మిసిసిపీ డెల్టాలో ట్రాక్టరు నడిపిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరి, నగరపు రొదలో వినిపించడానికి విద్యుత్ గిటారు పట్టారు. జాన్ లీ హూకర్ డెట్రాయిట్ కార్ల కర్మాగారంలో ఊడ్చే పని చేస్తూనే 1948లో తన తొలి విజయవంతమైన రికార్డు చేశారు. అదే నగరంలో కార్ల అసెంబ్లీ లైను మీద పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో స్థాపించిన రికార్డు కంపెనీయే తరువాత మోటౌన్ పేరుతో సోల్ సంగీతాన్ని ప్రపంచమంతటా వినిపించింది. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లిన కళాకారుల కథకు దీనితో పోలిక ఉన్నది ముఖ్యంగా రెండు విషయాల్లో: పల్లె నుంచి నగరానికి వేసిన దారి ఒకటి, భక్తి వేదిక మీది గొంతు లౌకికమైన పాటలోకి దిగిన తీరు రెండవది. జాతి హింస నుంచి, కౌలు బానిసత్వం నుంచి తప్పించుకుని ఉత్తరాదికి తరలిన లక్షలాది మంది అనుభవంతో మద్రాసు ప్రయాణాన్ని సమానంగా చూడటం ఆ చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది. నెల్లూరు సీమలో నిజంగా చాకిరీ చేసినవారి పాటలో ఎక్కువ భాగం స్టూడియో గడప తొక్కనే లేదు.

తీరం, పొలం, గని

స్టూడియోకు చేరని ఆ పాటను ముందుగా గుర్తు చేసుకోవాలి. నెల్లూరు తీరంలో పట్టపు జాలరులు ఒడ్డు నుంచి అలివి వల లాగేటప్పుడు ఒకరు మాట ఎత్తుకోగా మిగిలినవారు ఒక్క ఊపున అందుకునే కేకల పాట ఉంది. లాగే చేతులన్నీ ఒకే క్షణంలో బిగిస్తేనే వల కదులుతుంది కాబట్టి ఆ పాటకు తాళం పనిలోనే ఉంటుంది, వేరే వాద్యం అక్కరలేదు. పెన్నా డెల్టా వరిచేలలో నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్ల పాటలదీ ఇదే పద్ధతి. ఎత్తుగడ ఒకరిది, వంత పదిమందిది అయిన ఈ నిర్మాణం అమెరికా పని పాటల్లోనూ అచ్చంగా ఇలాగే ఉంటుంది. ఒకచోటి నుంచి మరొకచోటికి అరువు వెళ్లినందువల్ల కాదు, పదిమంది ఒకే బరువును లాగే పని ఎక్కడైనా ఇటువంటి పాటనే కోరుతుంది. జిల్లాలో పెద్ద సంఖ్యలో ఉన్న యానాది గిరిజనులకూ తమవైన ఆటపాటలున్నాయి. అయినా మద్రాసు చిత్రాల్లో పల్లెపదంగా వినబడినది చాలావరకు పండితులైన రచయితలు ఊహించి రాసిన పల్లెపదమే.

ఈ తీరానికి అమెరికాతో ఒక పాత సంబంధం లేకపోలేదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకున్నారు. ఆ శాఖ నుంచే 1860ల మధ్యలో ఒంగోలు వెళ్లిన జాన్ క్లౌ, 1876–78 నాటి మహాక్షామంలో తీరం వెంబడి తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలాది మందికి, ముఖ్యంగా మాదిగలకు, కూలి పని చూపించారు. క్షామం తరువాత జరిగిన సామూహిక మతస్వీకారాలతో తెలుగు క్రైస్తవ కీర్తన ఈ పల్లెల్లో నిత్యజీవితపు పాట అయింది. ఆ కీర్తనల్లో అనేకం కర్ణాటక రాగతాళాలతో కూర్చినవి. కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేయడం నేటికీ ఉంది. ఉత్తరాంధ్రలో జీవించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వీటికి ఆద్యులలో ముఖ్యులు. ఈ మిషన్‌కు అమెరికా నల్లజాతి చర్చిలతో నేరుగా సంబంధం లేదు. అయినా సమాజం అంటరానివారుగా వెలివేసిన మనుషులు ప్రార్థన మందిరంలో గొంతెత్తి పాడే హక్కు సంపాదించుకోవడం రెండుచోట్లా జరిగిన సంగతి. ఆ గొంతుల్లో నుంచి అమెరికాలో సోల్ సంగీతం పుట్టింది. నెల్లూరులో అవి చర్చి గోడలు దాటి సినిమా పాటలోకి రాకపోవడానికి కారణం ప్రతిభాలోపం కాదు, ఆ దారిని వారికి ఎవరూ తెరవకపోవడమే.

జిల్లాకు పరిశ్రమ అంటే చాలాకాలం అభ్రకమే. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల గనుల్లో తవ్వి, పొరలు పొరలుగా చీల్చి ఎగుమతి చేసిన ఈ ఖనిజం వేడికి చెక్కుచెదరదు, విద్యుత్తును తనగుండా పోనివ్వదు. ఆ కాలపు రేడియోలలోనూ ఆంప్లిఫయర్లలోనూ వాడిన గాజు వాల్వుల లోపల లోహపు భాగాలను ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచినవి పలుచని అభ్రకపు బిళ్లలే కాబట్టి, మైకు ద్వారా గొంతు వినిపించే సాంకేతికతలో ఈ ఖనిజానికి చిన్నదైనా తప్పనిసరి పాత్ర ఉంది. అభ్రకం వ్యాపారంలో పేరుపడిన తిక్కవరపు కుటుంబంలో పుట్టిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి (1919–2006) పఠాభి పేరుతో 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అనే కవితా సంపుటి ప్రకటించి, ఛందస్సు కట్లను తెంచి, నగరపు రొదనూ పాశ్చాత్య వాద్యాల ఊపునూ తెలుగు కవిత్వంలోకి తెచ్చారు. శాంతినికేతనంలోనూ, న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ చదివిన ఆయన తరువాత సినిమా వైపు మళ్లి, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 'పెళ్లినాటి ప్రమాణాలు' (1958) వంటి తెలుగు చిత్రాల నిర్మాణంలో పాలుపంచుకుని, 1970లో కన్నడంలో 'సంస్కార' తీశారు. ఆ చిత్రం ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఆయన పాట రాసినవారు కాకపోయినా, వాడుక మాటకు కూడా లయ ఉంటుందని నెల్లూరు నుంచి మొదట నిరూపించినవారు ఆయనే.

మద్రాసు దారి

మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడ వరకు రైలు మార్గం 1899 నాటికి పూర్తయింది. నెల్లూరుకు మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. సూళ్లూరుపేట వారికైతే అందులో సగమే. బియ్యం, చేపలు, అభ్రకం పోయిన దారిలోనే చదువుకు, ఉద్యోగానికి మనుషులు పోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి రాజధాని కర్నూలుకు తరలినా తెలుగు సినిమా మాత్రం కోడంబాక్కం, వడపళని పరిసరాల్లోని వాహిని, ఏవీయం, భరణి వంటి స్టూడియోలను వదలలేదు. అది హైదరాబాదులో స్థిరపడటానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. రాయలసీమ వాళ్లకూ మిగిలిన కోస్తా వాళ్లకూ మద్రాసు దూరపు నగరమైతే, నెల్లూరు వాళ్లకు అది పక్క ఊరి లెక్క. మద్రాసు మాటలో కలిసిన తమిళం వారికి కొత్త కాదు, తమ మాటలోని యాసకు అక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు. బాలసుబ్రహ్మణ్యం తరువాతి కాలంలో తమిళుల గొంతుగా కూడా నిలబడగలగడానికి ఈ సరిహద్దు బతుకే పునాది అనడం సబబు.

ఆత్రేయ

కిళాంబి వెంకట నరసింహాచార్యులు 1921 మే 7న సూళ్లూరుపేట ప్రాంతంలోని మంగళంపాడులో పుట్టారు. ఆచార్య ఆత్రేయగా మారకముందు కొంతకాలం గుమాస్తా పని చేశారు. నెల్లూరు నుంచి వెలువడే 'జమీన్ రైతు' పత్రికలోనూ పనిచేశారు. చాలీచాలని జీతంతో పరువు నిలబెట్టుకునే చిన్న ఉద్యోగి బతుకును రంగస్థలం మీదికి తెచ్చిన 'ఎన్.జి.ఓ.' నాటకం ఆయనకు పేరు తెచ్చింది. 'కప్పలు', 'విశ్వశాంతి', 'భయం' ఆయన ఇతర నాటకాలు. 1951 నాటి 'దీక్ష' చిత్రంతో పాటల రచయితగా సినిమాలోకి వచ్చి, తరువాతి నాలుగు దశాబ్దాల్లో పాటలూ మాటలూ రెండూ రాశారు. 'వాగ్దానం' (1961) చిత్రానికి దర్శకత్వం కూడా వహించారు.

ఆత్రేయ పాటను నాటకకర్త పాటగా చూడకపోతే అందులోని బలం అర్థం కాదు. సమాసాలను, అలంకారాలను పక్కనబెట్టి, పాత్ర ఆ క్షణంలో నోటితో అనగలిగిన మాటనే ఆయన పల్లవి చేశారు. రెండు మూడక్షరాల తేలిక మాటలను ఎదురెదురుగా నిలిపి, మొదటి పాదం అడిగిన ప్రశ్నకు రెండవ పాదం జవాబు చెప్పకుండా మరింత లోతైన ప్రశ్న వేసేటట్టు కట్టడం ఆయన పద్ధతి. 'మూగ మనసులు' (1964), 'ప్రేమనగర్' (1971), 'అంతులేని కథ' (1976), 'మరో చరిత్ర' (1978) చిత్రాల్లోని పాటలు వింటే, మనసు అన్న ఒక్క మాట చుట్టూ ఆయన ఎన్ని రకాల గాయాలను చూపగలిగారో తెలుస్తుంది. జనం ఆయనను 'మనసు కవి' అని పిలుచుకున్నది అందుకే. ప్రేమ వైఫల్యాన్ని వేదాంతంగా మార్చి తప్పించుకోకుండా, ఆ నొప్పిని ఉన్నదున్నట్టు పాడుకోనివ్వడంలో ఈ పాటలు బ్లూస్ స్వభావానికి ఎంతో దగ్గరగా ఉంటాయి. తెలుగు పాటలో విషాదానికి ఇంత సూటి మాటను ఆయనకు ముందు ఇచ్చినవారు లేరనడం అతిశయోక్తి కాదు.

సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌తో ఆయన జోడీ ఈ బలాన్ని నిలబెట్టింది. అప్పటికే బాణీ ముందు కట్టి, దాని కొలతకు మాటలు నింపే అలవాటు సినిమాలో వ్యాపిస్తుండగా, మహదేవన్ సాహిత్యాన్ని చేతికి తీసుకున్న తరువాతే బాణీ కట్టేవారు. అందువల్ల ఆత్రేయ వాక్యం తన సహజమైన ఊపిరితో పాటలో మిగిలింది. పాట చేతికి రావడానికి నిర్మాతలు రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చేదన్నది కూడా అంతే ప్రసిద్ధం. ఆత్రేయ రాయకుండా నిర్మాతలను ఏడిపిస్తాడని, రాసి ప్రేక్షకులను ఏడిపిస్తాడని సినీరంగంలో నానుడిగా నిలిచిన మాట ఉంది. ఆయన 1989 సెప్టెంబరు 13న మరణించారు.

బాలసుబ్రహ్మణ్యం

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న జన్మించారు. తండ్రి సాంబమూర్తి నెల్లూరులో పేరున్న హరికథకుడు, నాటకాల్లోనూ వేషాలు కట్టినవారు, తల్లి శకుంతలమ్మ. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటి వాతావరణాన్ని తెలుసుకోవాలంటే హరికథ స్వరూపాన్ని కొంత వివరంగా చూడాలి. హరికథ చెప్పే దాసు మెడలో దండతో, కాళ్లకు గజ్జెలతో, చేతిలో చిరతలతో ఒంటరిగా నిలబడి, వెనుక మృదంగం, వయొలిన్ లేదా హార్మోనియం సహకారంతో రాత్రి చాలా పొద్దుపోయేదాకా పురాణ కథను నడుపుతాడు. పద్యం, కీర్తన, వచనం, మధ్యలో నవ్వించే పిట్టకథ, అన్నీ అతని గొంతులోనే పలకాలి. రావణుడి గర్వం, సీత దుఃఖం, హనుమంతుడి వినయం ఒక్కొక్క దానికి గొంతు మార్చాలి. మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో వినేవారికి తెలియకూడదు. విజయనగరానికి చెందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) శిఖరానికి తీసుకువెళ్లిన ఈ కళను తీరాంధ్రలో ఊరూరా చెప్పిన దాసులలో సాంబమూర్తి ఒకరు.

ఇక్కడ డెట్రాయిట్‌తో ఉన్న పోలిక పైపైది కాదు. సోల్ గాయనులలో అగ్రగణ్యురాలైన అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ ఆ నగరంలోని న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చి పాదిరి. మామూలు మాటగా మొదలై, క్రమంగా లయ అందుకుని, చివరకు గానంగా మారే ఆయన ప్రసంగాలు గ్రామఫోను రికార్డులుగా అమ్ముడుపోయేవి. కూతురు సంగీత కళాశాలకు వెళ్లి గానం నేర్చుకోలేదు. మాట పాటయ్యే ఆ క్షణాన్ని చిన్ననాటి నుంచి వింటూ పెరిగింది. హరికథకుడి కొడుకు విషయంలోనూ జరిగింది ఇదే. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించలేదు, కానీ ఒక్క గొంతులో పదిమంది మనుషులను పలికించే విద్య ఆయనకు ఇంట్లోనే వినబడింది.

శ్రీకాళహస్తి బడిలో చదువుతున్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు ఆ కుర్రవాడి చేత సినిమా పాట పాడించి టేపు రికార్డరులో పట్టారు. కొడుకు ఇంజనీరు కావాలన్నది తండ్రి కోరిక. అనంతపురం ఇంజనీరింగు కళాశాలలో చేరి, జబ్బుపడి ఆ చదువు వదిలి, మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ. చదువుతున్న రోజుల్లోనే పోటీల్లో పాడేవారు. 1964లో మద్రాసు తెలుగువారి సాంస్కృతిక సంస్థ ఒకటి జరిపిన పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలలో గాయకుడు ఘంటసాల, సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఉన్నారు. ఆ కోదండపాణే 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యలతో కలిపి ఆయన చేత తొలి పాట పాడించారు. వాడిన టేపును చెరిపి మళ్లీ వాడుకునే ఆ రోజుల్లో, ఈ టేపును మాత్రం చెరపవద్దని ఇంజనీరును కోరి, ఇతర సంగీత దర్శకులకు వినిపించి అవకాశాలు అడిగింది కూడా కోదండపాణేనని బాలసుబ్రహ్మణ్యం తరచు చెప్పేవారు. తాను కట్టుకున్న రికార్డింగు స్టూడియోకు ఆయన కోదండపాణి పేరే పెట్టారు.

అవకాశాలు పలుచగా ఉన్న తొలి ఏళ్లలో ఆయన నడిపిన లలిత సంగీత బృందంలో ఇళయరాజా, గంగై అమరన్, భాస్కర్ సోదరులు వాద్యాలు వాయించేవారు. తరువాతి కాలపు దక్షిణాది సంగీతాన్ని మార్చివేసిన స్వరకర్త, గాయకుడు ఇద్దరూ పెళ్లిళ్లలోనూ సభల్లోనూ జనం కోరిన పాటలతో చేయి తిరిగినవారే. 1969లో తమిళంలో 'అడిమై పెణ్' చిత్రానికి నటుడు ఎం.జి.ఆర్.కు పాడిన పాటతో ఆయన పేరు తమిళనాట ఇంటింటికీ చేరింది. తెలుగులో 1974లో ఘంటసాల మరణించాక ఏర్పడిన ఖాళీని ఆయన ఘంటసాలను అనుకరించి పూరించలేదు. నేపథ్యగానంలో పాట ముందు రికార్డవుతుంది, నటుడు తరువాత దానికి పెదవి కదుపుతాడు. అంటే తెర మీద నటన మొదలయ్యే వేళకు సగం నటన గాయకుడు చేసి ఉండాలి. బాలసుబ్రహ్మణ్యం ఈ సూత్రాన్ని చివరిదాకా పాటించారు. ఎన్.టి. రామారావుకు పాడేటప్పుడు మాటకు బరువు, అక్కినేనికి కొనల్లో మెత్తదనం, అల్లు రామలింగయ్యకు ముక్కుతో పలికే వెటకారం తెచ్చి, వినేవారు కళ్లు మూసుకున్నా నటుడి ముఖం కనబడేటట్టు చేశారు. చరణం మధ్యలో చిన్న నవ్వు, మాట చివర వదిలిన ఊపిరి, ఒక అక్షరాన్ని పాడకుండా కేవలం పలికి వదిలివేయడం ఆయన ముద్రలు. ఇవి స్వరలిపిలో రాయగలిగినవి కావు. దాసు వేదిక మీద చేసేవే మైకు అందుకోగలిగినంత చిన్నవిగా మారి ఈ పాటల్లో ఉన్నాయి.

కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' (1980) ఈ నేర్పుకు కఠినమైన పరీక్ష పెట్టింది. శాస్త్రీయ సంగీత విద్వాంసుడి పాత్రకు, సంగీతం నేర్చుకోని గాయకుడు పాడాలి. మహదేవన్, ఆయన సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని నేర్చుకుని పాడిన ఆ పాటలకు ఆయన తొలి జాతీయ పురస్కారం అందుకున్నారు. సంప్రదాయ విద్వాంసులు ఆ గానంలో గమకాల లోపాలు ఎంచగలరేమో గాని, సంగీతం కోసమే బతికిన ఒక ముసలివాడి పట్టుదల ఆ గొంతులో వినబడినంతగా ఏ కచేరీలోనూ వినబడదు. హిందీలో 'ఏక్ దూజే కే లియే' (1981) చిత్రానికి ఆయన ఉచ్చారణ గురించి సంగీత దర్శకులు లక్ష్మీకాంత్–ప్యారేలాల్ సందేహించగా, కథానాయకుడే దక్షిణాది యువకుడు కాబట్టి ఆ యాస ఉండటమే సరి అని దర్శకుడు కె. బాలచందర్ పట్టుబట్టారు, ఆ చిత్రానికే రెండవ జాతీయ పురస్కారం వచ్చింది. 'సాగర సంగమం', 'రుద్రవీణ', కన్నడ చిత్రం 'సంగీత సాగర గానయోగి పంచాక్షర గవాయి', తమిళ చిత్రం 'మిన్సార కనవు' కలుపుకుని నాలుగు భాషల్లో మొత్తం ఆరు జాతీయ పురస్కారాలు అందుకున్నారు.

ఆయన పాటల సంఖ్య 40,000 అని సాధారణంగా చెబుతారు. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో ఒక్క రోజులో 21 కన్నడ పాటలు పాడారన్నది మరో ప్రసిద్ధమైన లెక్క. ఈ అంకెలు కళ కంటె ఎక్కువగా పని పరిస్థితిని తెలుపుతాయి. ఉదయం ఒక స్టూడియోలో తెలుగు ప్రేమ పాట, మధ్యాహ్నం ఇంకోచోట తమిళ హాస్యగీతం, రాత్రి కన్నడ భక్తిగీతం పాడి తిరిగే గాయకుడి దినచర్య కర్మాగారపు షిఫ్టుకు ఏమీ తీసిపోదు. బెర్రీ గోర్డీ కార్ల అసెంబ్లీ లైను పద్ధతిని రికార్డింగుకు తెచ్చానని బాహాటంగానే చెప్పుకున్నారు. మద్రాసు స్టూడియోలు ఆ మాట అనకుండానే అదే వేగంతో నడిచాయి. అంత ఒత్తిడిలోనూ ప్రతి పాటలో పాత్రను వెతుక్కున్నందువల్లే ఆ రాశిలో ఇన్ని పాటలు మిగిలాయి.

ఆత్రేయ మాట, బాలసుబ్రహ్మణ్యం గొంతు కలిసిన పాటలలో 'మరో చరిత్ర' పాటలకు ప్రత్యేక స్థానం ఉంది. తెలుగు రాని నాయకుడు సినిమా పేర్లనే గుదిగుచ్చి ప్రేయసికి పాడే పాటలో, భాష రాని వాడి తడబాటును, అల్లరిని, అడుగున ఉన్న ఆరాటాన్ని గాయకుడు ఒకేసారి వినిపిస్తారు. అది పాట కంటె నాటకానికే దగ్గర. ఇదే నేర్పు డబ్బింగులోనూ, అంటే తెర మీది నటుడికి మరొకరు మాట అరువిచ్చే పనిలోనూ కనిపిస్తుంది. కమల్ హాసన్‌కు తెలుగులో చాలాకాలం మాట ఇచ్చిన ఆయన, 'దశావతారం' (2008) తెలుగు రూపంలో పది పాత్రలలో ఏడింటికి వేరువేరు గొంతులు పలికారు. రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ' తెలుగు అనువాదంలో గాంధీ గొంతు కూడా ఆయనదే. సంగీత దర్శకుడిగా చేసిన చిత్రాల్లో అమెరికా నేపథ్యంగా జంధ్యాల తీసిన 'పడమటి సంధ్యారాగం' (1987) ఒకటి. ఆయన 2020 సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు; మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం పద్మ విభూషణ్ ప్రకటించింది. నెల్లూరు ఇంటిని ఆయన 2020 ఆరంభంలోనే వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు.

ఇతరులు

బాలసుబ్రహ్మణ్యం చెల్లెలు శైలజ 1970ల చివరలో నేపథ్య గాయని అయ్యారు. 1979లో ఇళయరాజా సంగీతంలో 'పొణ్ణు ఊరుక్కు పుదుసు' చిత్రంతో తమిళంలో గుర్తింపు పొంది, 'సాగర సంగమం' (1983)లో నర్తకి పాత్ర ధరించారు. డబ్బింగు కళాకారిణిగానూ పేరు తెచ్చుకున్నారు. అన్న నీడ పెద్దది కావడం వల్ల ఆమె గొంతులోని పదును గురించి రావలసినంత చర్చ రాలేదు.

అలిమిలిలో పుట్టిన మల్లెమాల సుందరరామిరెడ్డి (1924–2011) గీత రచన, చిత్ర నిర్మాణం రెండూ చేశారు. నిర్మాతగా 'అంకుశం' (1989), పిల్లలే పాత్రధారులుగా తీసిన 'రామాయణం' (1997) ఆయనకు పేరు తెచ్చాయి. పద్యం మీద మక్కువతో మల్లెమాల రామాయణం రచించారు. నెల్లూరులో పుట్టిన వెన్నెలకంటి రాజేశ్వరప్రసాద్ (1957–2021) స్టేట్ బ్యాంకు ఉద్యోగం చేస్తూ 1980లలో పాటల రచనకు వచ్చారు. 'ఆదిత్య 369' (1991) వంటి చిత్రాల పాటలు ప్రసిద్ధమైనా, ఆయన ఎక్కువగా శ్రమించింది తమిళ చిత్రాల తెలుగు అనువాదాల్లో. తమిళంలో పెదవి ఎక్కడ మూసుకుంటుందో అక్కడ తెలుగులోనూ పెదవి మూసే అక్షరమే పడాలి, బాణీ మారకూడదు, భావం తెలుగులో పుట్టినట్టే ఉండాలి. ఇన్ని కట్ల మధ్య చక్కని పాట రాయడం స్వతంత్ర రచన కంటె కష్టం. రెండు భాషల సరిహద్దులో బతికే నెల్లూరు వారికి ఈ పని ఇంటి విద్యలా అబ్బడంలో వింత లేదు.

పాట సినిమాకు బయట బతికిన తీరునూ చెప్పుకోవాలి. బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టి, శాంతినికేతనంలో చదివి, ముఖ్యమంత్రిగా, కేంద్రమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి (1907–1997) రవీంద్రనాథ ఠాకూరు రచనలను తెలుగు చేశారు. నెల్లూరు పురమందిరం సభలకు, నాటకాలకు, కచేరీలకు తరతరాలుగా వేదికగా ఉంది.

1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' కార్యక్రమం ద్వారా బాలసుబ్రహ్మణ్యం కొత్త గొంతులకు మార్గం చూపారు. పోటీదారు పాడిన పాటకు మార్కులు వేసి ఊరుకోకుండా, ఆ పాట ఎవరు రాశారు, ఏ సందర్భంలో వస్తుంది, ఏ అక్షరాన్ని ఎలా పలకాలి అని విడమరచి చెప్పడం వల్ల అది రెండు తరాల తెలుగు పిల్లలకు పాఠశాల అయింది. ఒత్తు పలకని వారిని, శ, ష, స తేడా తెలియనివారిని ఆయన మెత్తగానే గాని తప్పకుండా సరిదిద్దేవారు. ఆయన మరణం తరువాత 2021 చివరలో మళ్లీ మొదలైన ఆ కార్యక్రమాన్ని కుమారుడు, గాయకుడు ఎస్.పి. చరణ్ నిర్వహిస్తున్నారు.